పక్క వీధిలో నా గొంతు

"ఇప్పుడే కదమ్మే నీ దగ్గర కొనింది! మళ్లీ ఎందుకొచ్చినావు?"

సుభాషిణి టీచరు గేటు దగ్గర నిలబడి ఆ మాట అడిగేసరికి సాహిరా తోపుడు బండి ఆపేసింది.

"యాడ కొన్నావక్కా? నేను ఈ వీధిలోకి ఇప్పుడే కదా వస్తా ఉండేది!"

"నేను బయటికి రాలేదులే. నీ కేక వినపడింది, మా ఆయన్ని పంపించినా. ఎండు రొయ్యిలు తెచ్చినాడు. అయినా ఈసారి తలకాయలు కూడా గిల్లలేదేంది సాహిరా? ఇసక కూడా ఉండాది."

సాహిరా జవాబు చెప్పబోయింది. అంతలో పక్క వీధిలోంచి గట్టిగా కేక వినిపించింది.

"ఎండు నెత్తళ్లమ్మో... ఎండు రొయ్యిలో... జువ్వలదిన్నె రేవు సరుకు తల్లో... ఇసక లేదు, తలకాయ లేదు, ఉత్త కండేనమ్మో!"

ఆ కేక సాహిరాదే. 'తల్లో' దగ్గర సాగదీసి, 'ఉత్త కండే' దగ్గర టక్కున తెంచే పద్ధతీ ఆమెదే. కానీ సాహిరా నోరు మూసుకునే ఉంది.

టీచరు ఒకసారి వీధి చివరికి, ఒకసారి సాహిరా మూతి వైపు చూసింది.

"నువ్వు ఈడుండావు. మరి ఆడ అరిచేదెవరు?"

సాహిరా బండిని అక్కడే వదిలేసి పరిగెత్తింది.

అసలే సాహిరాకు అనుమానం ఎక్కువ. రేవులో ఎండు చేపలు కొనేటప్పుడు పైన ఉన్నవి చూసి మోసపోయే రకం కాదు. బుట్ట అడుగుదాకా చెయ్యి దూర్చి, గుప్పెడు తీసి, వాసన చూసి, ఇసక రాలుతుందేమో విదిలించి, అప్పుడు బేరం మొదలుపెడుతుంది. తండ్రి పోయాక తల్లి హజరాబీ కుట్టు మిషనుతో, తను తోపుడు బండితో ఇల్లు నెట్టుకొస్తున్నారు. బోగోలు వీధుల్లో ఆమె కేకకు ఒక పేరుంది. ఆ కేక వింటే ఆడవాళ్లు సరుకు చూడకుండానే గిన్నె పట్టుకుని బయటికొస్తారు. ఇప్పుడు ఆ పేరు మీద ఎవరో ఇసక అమ్ముతున్నారు!

పక్క వీధిలో ఒక పాత మోపెడ్ నిలబడి ఉంది. వెనకాల చక్రాల ట్రాలీ, ట్రాలీ నిండా ఎండు చేపల బుట్టలు, హ్యాండిల్‌కు కట్టిన స్పీకరు. సీటు మీద సన్నగా, పొడుగ్గా ఉన్న కుర్రాడు.

"ఆపు!"

"ఏం కావాలండీ? నెత్తళ్లా, రొయ్యలా?"

"నా గొంతు కావాల."

అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు.

"అది నా గొంతు. యాడ ఎత్తుకొచ్చినావు?"

"గొంతు ఎత్తుకొచ్చేదేందండీ? కావల్లో స్పీకరు కొన్నా. దాంతో పాటే వచ్చింది."

"ఎవరిదో తెలీకుండానే దాంతో ఇసక సరుకు అమ్మతా ఊరంతా తిప్పతా ఉండావా?"

"తెలీదండీ," అన్నాడు అతను. ఆ మాట అనేటప్పుడు అతని చూపు ఆమె మీద నుంచి జారి బ్రేకు మీదికి పోయింది. సాహిరా అది గమనించింది.

"తెలీదా? అయితే విను!"

నడి వీధిలో నిలబడి, తల పైకెత్తి, ఆ కేక మొదటి నుంచి చివరిదాకా వేసింది. స్పీకరు కేకా, ఆమె కేకా ఒకదాని మీద ఒకటి పడి వీధంతా మోగిపోయింది. రెండు వైపులా తలుపులు తెరుచుకున్నాయి. ఆ కుర్రాడు నోరు తెరిచి అట్లాగే చూస్తుండిపోయాడు.

"మిషన్లో కంటే బయటే బాగుండాది," అన్నాడు మెల్లగా.

"పొగిడితే వదిలేస్తాననుకోవద్దు."

అప్పుడే రికార్డింగ్ చివర్లో సన్నగా ఒక మేక అరిచింది. సాహిరా కళ్లు పెద్దవయ్యాయి.

"అది మా మేక! మా ఇంటి ముందు కట్టేసి ఉండే మేక! అంటే నువ్వు మా వీధికొచ్చి, మా గోడ పక్కన నక్కి..."

"అయ్యో, మీ ఇల్లు యాడుండాదో కూడా నాకు తెలీదండీ! ఇదో, కార్డు తీసుకోండి. మీదే అంటున్నారు కదా, మీ దగ్గరే పెట్టుకోండి." స్పీకరు ఆపి, మెమరీ కార్డు పీకి ఆమె చేతిలో పెట్టాడు.

ఇంత సులువుగా ఇచ్చేశాడంటే ఏదో మతలబు ఉందనిపించింది ఆమెకు.

"ఫోన్లో ఇంకోటి దాచిపెట్టుంటావు."

అతను ఫోను తెరిచి ఇచ్చాడు. పంక్చరైన టైరు, వాన మబ్బు, పరుపు కుడుతున్న ఒక ముసలాయన. అన్నీ ఫోటోలే. గొంతు లేదు.

"ఆ ముసలాయనెవరు?"

"మా నాయన, దరియావలి. మాది బుచ్చిరెడ్డిపాలెం. నా పేరు యాసీన్."

"నీ పేరు అడగలేదు. ఇంకో ఫోను యాడ పెట్టినావు?"

*

మర్నాటి నుంచి యాసీన్ నోటితో అరవాల్సి వచ్చింది.

మాట మీద నిలబడ్డాడో లేదో చూద్దామని సాహిరా ఒక గోడ వెనక ఆగింది. అతను గొంతు సవరించుకున్నాడు. మళ్లీ సవరించుకున్నాడు. వీధికి క్షమాపణ చెబుతున్నట్టు, "ఎండు రొయ్యలు ఉన్నాయండీ... కావల్సినవాళ్లు ఎవరైనా ఉంటే..." అన్నాడు.

గుమ్మంలో పడుకున్న కుక్క కూడా తల ఎత్తలేదు.

సాహిరాకు నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు ఒళ్లు మండింది. బండి తోసుకుంటూ ఎదురుగా వెళ్లింది.

"అది కేకా? పెళ్లికి పిలుస్తా ఉండావా?"

"నాకు సిగ్గండీ. అందుకే స్పీకరు కొన్నా."

"సిగ్గుండేవాడు ఇసక సరుకు అమ్మతాడా?"

అతను తలదించుకుని ట్రాలీ మీద కప్పిన పట్టా తీశాడు. రొయ్యల తలలన్నీ గిల్లేసి ఉన్నాయి. జల్లెడ పట్టినట్టున్నాడు, ఇసక కూడా లేదు.

"నిన్న మీరన్నాక రాత్రంతా నేనూ మా నాయనా కూర్చొని గిల్లినాం. చూడండి."

సాహిరా బుట్ట అడుగుదాకా చెయ్యి దూర్చింది. గుప్పెడు తీసింది. వాసన చూసింది. విదిలించింది. ఏమీ రాలలేదు.

"సరే," అంది ఇష్టం లేనట్టు. "కేక గొంతులోంచి కాదు, కడుపులోంచి రావాల. చివర్లో తెంచు, సాగదీయబాకు. సాగదీసేది నాది."

"మీరు చెప్పినట్టే."

"ఇంకోటి. ఈ వీధులు నావి. నువ్వు స్టేషను రోడ్డు అవతలే ఉండు."

"మరి మీరు స్టేషను రోడ్డు అవతలికి... ఎప్పుడైనా వస్తారా?"

"ఎందుకు?"

"ఊరికే. కేక సరిగ్గా వేస్తున్నానో లేదో చూడడానికి."

సాహిరా బండి మళ్లించుకుని వెళ్లిపోయింది. కానీ ఆ వారమంతా, నిఘా పెడుతున్నానని తనకు తాను చెప్పుకుంటూ, స్టేషను రోడ్డు వైపు వెళ్లొచ్చింది. అతని కేక కొంచెం కొంచెంగా కేకలాగా తయారవుతోంది. అతను ఆమెను చూసినప్పుడల్లా మాత్రం సగంలో ఆగిపోతోంది.

*

ఇంట్లో ఇంకో గొడవ మొదలైంది. నాయుడుపేట నుంచి సాహిరాకు ఒక సంబంధం వచ్చింది. మధ్యవర్తిగా ఉన్న బంధువు హజరాబీకి ఫోను చేసింది. ఫోను స్పీకర్లో ఉండడం వల్ల సాహిరా అంతా వింది.

"పిల్ల వీధుల్లో అరిచేది మానేస్తేనే వాళ్లు ఒప్పుకుంటారంట. దానికి తోడు ఇంకో మాట విన్నారంట హజరాబీ. ఎవడో కుర్రాడు మీ పిల్ల గొంతు బండికి కట్టుకొని ఊరంతా తిరిగినాడంటనే? ఏం లేకుండానే వాడి చేతికి ఎట్టొచ్చిందని అడగతా ఉండారు."

కుట్టు మిషను చక్రం ఆగిపోయింది. హజరాబీ ముఖం పాలిపోయింది.

"అదేం లేదు. వాడెవడో దొంగ," అంది నెమ్మదిగా, కూతురి వైపు చూడకుండా.

పరువు పోయిందని అమ్మ కుమిలిపోతోందనుకుంది సాహిరా. యాసీన్ మీద చల్లారిన కోపం మళ్లీ రాజుకుంది. సంబంధం చెడిపోతుందని కాదు. ఆ కుర్రాడి గురించి తను నమ్మడం మొదలుపెట్టినందుకు.

మర్నాడే ఆ నమ్మకం మళ్లీ చెదిరింది. స్టేషను వైపు నుంచి మళ్లీ ఆమె గొంతు. "జువ్వలదిన్నె రేవు సరుకు తల్లో..."

సాహిరా ఊపిరి ఎగబీలుస్తూ వెళ్లేసరికి యాసీన్ ఒక చెట్టు కింద టీ తాగుతున్నాడు. గొంతు బొంగురుపోయి ఉంది.

"అబద్ధాలకోరు! కార్డు ఇచ్చినట్టే ఇచ్చి ఇంకోటి పెట్టుకున్నావా? ఆ మాత్రం నమ్మినందుకు నా చెప్పుతో నేను కొట్టుకోవాల!"

"ఏం చేసినానబ్బా?"

"ఇందాక వినపడింది నా గొంతు!"

"సాహిరా, నా బండి చూడు. స్పీకరు తీసేసినా." అతను ఆమెను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. ఇద్దరూ గమనించారు. ఇద్దరూ గమనించనట్టు ఊరుకున్నారు.

అప్పుడే ఆ కేక మళ్లీ వచ్చింది. ఈసారి హైవే వైపు నుంచి. యాసీన్ స్పీకరు లేని బండితో ఆమె ఎదురుగానే ఉన్నాడు.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ట్రాలీ విప్పి టీ కొట్టు చూరు కింద పెట్టి, దాని పట్టా మడిచి వెంట తీసుకుని యాసీన్ మోపెడ్ ఎక్కాడు. సాహిరా కాస్త తటపటాయించి, మధ్యలో సంచి అడ్డం పెట్టుకుని వెనక కూర్చుంది.

"ఊరికూరికే బ్రేకు వేస్తే దిగిపోతా."

"గుంతలుంటేనో?"

"గుంతలు యాడుండాయో నాకు తెలుసు."

హైవే పక్కన దొరికింది ఒక పాత ట్రాలీ ఆటో. నడుపుతున్నది మునెయ్య అనే ముసలాయన. ఎండు చేపలే అమ్ముతున్నాడు.

"ఈ కేకా? కావల్లో ఫోన్ల షాపులో స్పీకరు కొంటే ఏసిచ్చినాడు తల్లీ. మంచి గొంతు. పోయినేడు చచ్చిపోయిన ఆవిడదంట."

"ఎవరు చచ్చిపోయింది?" సాహిరా కస్సుమంది.

యాసీన్ ముఖం అటు తిప్పుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

"నవ్వినావంటే చంపుతా."

*

కావలి చేరేలోపు వాన పట్టుకుంది. కప్పుకోడానికి ఉన్నది ట్రాలీ పట్టా ఒక్కటే. దాన్ని యాసీన్ ఆమెకు ఇచ్చి తను తడిశాడు. మంచితనమా, నాటకమా అని సాహిరా దారంతా ఆలోచించింది. అతని చొక్కా వీపుకు అతుక్కుపోయి, చలికి మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. నాటకమైతే మెడ మీద వెంట్రుకలు నిలబడవు కదా అనుకుంది. పట్టాలో సగం ముందుకు జరిపి అతని భుజం మీద వేసింది.

ఫోన్ల షాపు గిరిబాబు వాళ్లిద్దరి అవతారం చూసి తుడుచుకోమని గుడ్డ ఇచ్చాడు.

"అన్నా, ఎండు చేపల కేక ఒకటి నువ్వు అందరికీ ఏసిస్తా ఉండావంటనే. అది నీకు ఎవరిచ్చినారు?" సాహిరా అడిగింది.

"అదా! ఒక పెద్దావిడ తెచ్చిందమ్మా. స్పీకరు కొని, 'ఫోన్లో ఉండే ఈ కేక దీంట్లో వెయ్యి నాయనా, మా పిల్లకి' అని అడిగింది. గొంతు బాగుందని నేనొకటి ఉంచుకున్నా. అడిగినోళ్లకల్లా ఇచ్చినా. తప్పా?"

"ఎట్టుంటుంది ఆమె?"

"సన్నగా, కొంచెం వంగి ఉంటాది. వేళ్లకి సూది పోట్లు. స్పీకరుకి ముసుగు కుడతానని కొలత కూడా తీసుకునిందమ్మా."

సాహిరాకు మేక అరుపు, అమ్మ పాలిపోయిన ముఖం, ఆగిపోయిన మిషను చక్రం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

ఆ కేక ఇంకెవరికీ ఇవ్వొద్దని యాసీన్ దగ్గరుండి కంప్యూటర్లోంచి తీయించాడు. దారిలో ఒక్క మాట కూడా అడగలేదు. బోగోలులో ఆమెను దింపేటప్పుడు మాత్రం, "అమ్మని గట్టిగా అడగబాకు," అన్నాడు.

*

ఆమె అడగలేదు. తడిసిన బట్టలతో గుమ్మంలో నిలబడి, "ముసుగు కుట్టినావా అమ్మా స్పీకరుకి?" అంది.

హజరాబీ లేచి, పెట్టె తెరిచి, బట్టల అడుగు నుంచి స్పీకరు తీసింది. పూలపూల గుడ్డతో కుట్టిన ముసుగు. అంచుకు లేసు కూడా ఉంది.

"ఉపాసాల నెలలో నీ గొంతు పూర్తిగా పోయింది గుర్తుందా? మంచినీళ్లు కూడా తాక్కుండా పొద్దంతా అరిచి వచ్చేదానివి. డాక్టరు గొంతుకి రెస్టు ఇమ్మన్నాడు. నువ్వు వినలేదు. అందుకని నువ్వు బయల్దేరేటప్పుడు తలుపు చాటు నుంచి ఫోన్లో పట్టినా. స్పీకరు తెచ్చిన రోజే నువ్వన్నావు, 'మిషను పెట్టుకొని అమ్మేవాళ్లది కూడా ఒక అమ్మకమేనా' అని. ఇంక చూపించలేకపోయినా."

"మరి ఆ కుర్రాడు దొంగ అని అంటా ఉంటే..."

"భయపడినా. నా వల్లే నీ పేరు నలుగురి నోళ్లలో పడిందని నీకు తెలిస్తే ఏమంటావోనని. ఏ తప్పూ చేయని పిల్లోడి మీద నింద వేసి ఊరుకున్నానే సాహిరా."

సాహిరా తల్లి పక్కన కూర్చుంది. ఆ ముసుగు లేసును వేళ్లతో సర్దింది.

"లేసు ఎందుకమ్మా చేపల బండికి?" అంది. అంటుంటే ఏడుపొచ్చింది.

*

పొద్దున్నే స్టేషను రోడ్డుకు వెళ్లింది. ఏం చెప్పాలో దారి పొడవునా అనుకుంటూనే వెళ్లింది.

"యాసీన్, నిన్ను దొంగ అన్నా. అబద్ధాలకోరన్నా. తప్పు నాదే. నా అనుమానం వల్ల..."

"ఆగు సాహిరా." అతను కళ్లు ఆమె మీదనుంచి తిప్పలేదు. "నువ్వు అట్టా చెప్తే నేను నిలబడలేను. నేనొక అబద్ధం చెప్పినా."

సాహిరా చేతులు కట్టుకుంది. "చెప్పు."

"గొంతు ఎవరిదో తెలీదన్నాను కదా. పేరు తెలీదు, నిజమే. కానీ జువ్వలదిన్నె రేవు అని కేకలో ఉండాది. ఆ గొంతు మనిషి ఈ చుట్టుపక్కలే ఉంటాదని తెలుసు. బుచ్చిరెడ్డిపాలెంలో నా అమ్మకం బాగానే ఉండె. ఆ కేక వింటా వింటా బండి నడిపేవాణ్ణి. ఎవరూ లేనప్పుడు దానికి బదులు కూడా చెప్పేవాణ్ణి. మనిషిని చూడాలనిపించింది. స్పీకరు గట్టిగా పెట్టి ఈ వీధుల్లో తిరిగితే, ఎప్పుడో ఒకప్పుడు కొట్టడానికైనా వస్తాదనుకున్నా."

"అంటే..."

"నువ్వు ఇంకా ఈ వీధుల్లోనే అమ్మతా ఉంటావని, నీ అమ్మకం పోతాదని నిజంగా తెలీదు. తెలిసుంటే వచ్చేవాణ్ణి కాదు."

సాహిరా ముఖం మెల్లగా వెలిగింది.

"అంటే నా అనుమానం నిజమే!"

"నిజమే."

"మొదటిరోజే అనుకున్నా. బ్రేకు వైపు చూసినావు. అప్పుడే అనుకున్నా!"

"కోపం లేదా?"

"ఎందుకు లేదు? చానా ఉండాది. రాత్రంతా నిద్రపోకుండా క్షమాపణ తయారుచేసుకున్నా. అంతా దండగైపోయింది." బండి తోసుకుని నాలుగు అడుగులు వేసి వెనక్కి తిరిగింది. "దానికి ఏమని బదులు చెప్పేవాడివి?"

"దేనికి?"

"కేకకి."

యాసీన్ చెవులు ఎర్రబడ్డాయి. "'వస్తా ఉండా' అని."

సాహిరా బండి తోసుకుని వెళ్లిపోయింది. ఆ రోజు మొదటి వీధిలో ఆమె అరవడం మర్చిపోయింది.

*

నాయుడుపేట సంబంధం వద్దని హజరాబీయే ఫోను చేసి చెప్పింది. తర్వాతి శుక్రవారం యాసీన్ తండ్రిని తీసుకుని వాళ్లింటికి వచ్చాడు. దరియావలికి వినికిడి తక్కువ. కుర్చీలో కూర్చోగానే ఇంట్లో ఉన్న పరుపును నొక్కి చూసి, "దూది గడ్డకట్టింది, నేను కుట్టిస్తా," అన్నాడు.

హజరాబీ మొదట యాసీన్‌ను క్షమించమని అడిగింది. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టింది. ఆమె కూతురికి అనుమానం ఎక్కడి నుంచి వచ్చిందో యాసీన్‌కు అప్పుడు తెలిసింది.

"బుచ్చిరెడ్డిపాలెం వదిలి ఇంత దూరం ఎందుకొచ్చినావు అబ్బయా?"

సాహిరా లోపలి గదిలో తలుపు దగ్గరికి జరిగింది. సరుకు కోసమనో, రేవు దగ్గరనో చెప్పేస్తే సరిపోతుంది. పెద్దవాళ్ల ముందు అదే మర్యాద కూడా.

"మీ అమ్మాయి గొంతు విని వచ్చినానమ్మా," అన్నాడు యాసీన్. "అప్పుడు నిజం చెప్పలేదు. ఇప్పుడు చెప్తా ఉండా."

హజరాబీ అతన్ని ఎగాదిగా చూసింది.

"పెళ్లయినా ఇది వీధుల్లో అరవడం మానదు. నీకు ఫరవాలేదా?"

"వీధిలో మానేస్తే ఇంట్లో నా మీద అరస్తాది కదమ్మా. వీధిలోనే బాగుంటాది."

హజరాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగాక లోపలికి కేకేసింది. "సాహిరా, ఇట్రా. నీకిష్టమేనా?"

సాహిరా గుమ్మం పట్టుకుని నిలబడింది. నాలుగు వీధులు దాటి వినపడే గొంతు ఆ చిన్న గదిలో ఎదుటివాళ్లకు కూడా వినపడలేదు.

"ఏమన్నాది?" దరియావలి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అడిగాడు.

"సరే అన్నాది నాయనా," అన్నాడు యాసీన్.

"నేనేం అనలేదు! మళ్లీ అబద్ధం!"

"అయితే నువ్వే చెప్పు."

"ఏమన్నాదిరా?" ముసలాయన మళ్లీ అడిగాడు.

సాహిరా తల పైకెత్తింది. కడుపు నిండా గాలి పీల్చింది.

"సరే అన్నా మామా! నాకిష్టమే... అన్నా!"

కిటికీ రెక్కలు అదిరాయి. బయట మేక తాడు లాక్కుంటూ లేచి నిలబడింది. దరియావలి రెండు చేతులూ పైకెత్తి, "వినపడింది తల్లీ, వినపడింది," అన్నాడు.

పక్కింటి తలుపు తెరుచుకుంది. ఆదిశేషమ్మ స్టీలు గిన్నె పట్టుకుని హడావిడిగా గుమ్మం ముందుకొచ్చింది.

"ఏం సాహిరా, ఈ పొద్దు ఇంటి దగ్గరే అమ్మతా ఉండావా? నెత్తళ్లు ఉంటే నాకు కాసిని పెట్టు."